మూత్రాశ్మరి: చికిత్సా చరిత్ర

మూత్రమునందు కరగియుండు లవణములు పరిమితిని మించి గాఢమైనపుడు స్ఫటికములుగా విడివడి, ఆ స్ఫటికములు ఒండొంటి నంటుకొని, మూత్రపిండమునందుగాని మూత్రనాళమునందుగాని మూత్రాశయమునందుగాని గట్టిపడి శిలారూపము దాల్చినచో దానికి మూత్రాశ్మరి యని పేరు. లోకవ్యవహారమున దీనినే కిడ్నీరాయి యందురు. వీనిలో అధికసంఖ్యాకములు కాల్షియం ఆక్సలేటుతో ఏర్పడినవి. యూరిక్ ఆమ్లపు రాళ్లును, సూక్ష్మజీవుల సోకుడువలన పెరుగు ఫాస్ఫేటు రాళ్లును, వంశానుగతముగా వచ్చు సిస్టీన్ రాళ్లును తక్కినవానిలో ముఖ్యములు. మూత్రపిండమునందు కదలక పడియున్నంతకాలము రాయి తన యునికినే తెలుపకపోవచ్చును; అది జారి మూత్రనాళమున చిక్కుకొన్ననాడు నడుము ప్రక్కనుండి గజ్జవరకు తెరలుతెరలుగా వచ్చు పోటు రోగిని కూర్చుండనీయదు, పండుకొననీయదు. శస్త్రవైద్యమున ఇంతటి ప్రాచీనచరిత్ర గల వ్యాధులు కొలదిగా నున్నవి. ఆ చరిత్రను పరిశీలించువారికి స్ఫుటముగా కనబడున దొకటి కలదు: రాతిని వెలికిదీయు నేర్పు శతాబ్దముల తరబడి వృద్ధిపొందుచు రాగా, రాయి యేల పుట్టునో, తీసినపిమ్మట మరల నేల పుట్టునో తెలిసికొను యత్నము మిక్కిలి వెనుకబడి, నేటి పరిశోధకులకు ప్రధానకార్యముగా మిగిలినది.

1901లో ఈజిప్టునందలి ఎల్ అమ్రా శ్మశానవాటికలో ఎలియట్ స్మిత్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఒక బాలుని కటియెముకల నడుమ కనుగొనిన రాయి క్రీస్తుకు పూర్వము దాదాపు 4800 సంవత్సరముల నాటిదని ఎంచబడినది. లండనునందలి శస్త్రవైద్యకళాశాల ప్రదర్శనశాలలో భద్రపరుపబడిన ఆ రాయి 1941లో జరిగిన బాంబుదాడిలో నశించినది.

అశ్మరీశస్త్రమును గూర్చి ప్రాచీనవాఙ్మయమున లభించు వర్ణనములలో సుశ్రుతసంహితయందలిది మిక్కిలి విపులమైనది. శ్లేష్మ, పిత్త, వాత, శుక్రజన్యములని అశ్మరులను నాలుగు తెగలుగా విభజించి, క్రొత్తగా పుట్టినది ఔషధములకు లొంగుననియు, పెరిగినది శస్త్రమునకే లొంగుననియు చెప్పి, శస్త్రము చేసినచో ఫలము సందిగ్ధమే యైనను చేయకున్న మరణము నిశ్చయము గనుక, వైద్యుడు ప్రభువు అనుమతి పొందిన పిమ్మటనే పూనుకొనవలయునని సంహితాకారుడు విధించినాడు. పిమ్మట చెప్పబడిన క్రమ మిట్టిది. మోకాలియెత్తు పీటపై బలవంతుడును నిర్భయుడును అగు మనుష్యుని కూర్చుండబెట్టి, అతని యొడిలో రోగిని వెల్లకిల ఆనించి, మోకాళ్లు ముడిపించి వస్త్రములతో బంధించి, నాభికి దిగువను పిడికిలితో అదుముచు రాతిని క్రిందికి దింపవలయును. గోళ్లు తీసికొని నూనె పూసికొన్న ఎడమచేతి చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని గుదమార్గమున ప్రవేశపెట్టి, రాయి గుదమేఢ్రముల నడుమ గ్రంథివలె ఉబ్బి నిలుచునట్లు రాబట్టి, సీవని యను నడిమిగీతకు ఎడమప్రక్కను యవగింజంత ఎడముగా, రాతి పరిమాణమునకు తగినంత కోత కోయవలయును. రాతిని పట్టుకొనినంతనే రోగి చూపు నిలిచిపోయి, తల వ్రేలవైచి, చచ్చినవానివలె నిశ్చేష్టుడైనచో ఇక దానిని తీయరాదు. తీసినచో ప్రాణము పోవును. రాయి పగులకుండ, పొడి రాలకుండ చూచుకొనవలయును. ఏలయన మిగిలిన పొడి ఎంత కొంచెమైనను మరల పెరుగును. కావున వంకరకొన గల పరికరముతో సాంతముగా తీసివేసి, మూత్రాశయము నెత్తురుతో నిండకుండుటకై రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టవలయును. ఈ విధులను చదువునపుడు, పుస్తకమునుగాక రోగులను చూచి వ్రాసిన వాని చేయి ఇందు కనబడుచున్నదని చెప్పక తప్పదు.

గ్రీకుదేశమున హిప్పోక్రటీసు పేర పరగిన వైద్యప్రతిజ్ఞ, రాతికొరకు కోయు పనిని ఆ వృత్తివారికే విడిచిపెట్టుమని శిష్యులను ఆదేశించినది. క్రీస్తుశకము మొదటిశతాబ్దమున రోమునందు సెల్సస్ వర్ణించిన పద్ధతి సుశ్రుతుని పద్ధతిని పోలియున్నది. ఎవరినుండి ఎవరు గ్రహించిరను తగవును తీర్చుటకు సాక్ష్యము లేదు. అటుపిమ్మట యూరపుఖండమున ఈ శస్త్రము ఊరూర తిరుగు కోతగాండ్ర చేతిలో పడి, వారిలో పెక్కండ్రు రోగి బ్రతికెనో చచ్చెనో తెలియకమునుపే ఊరు దాటుచుండిరి.

ఆంగ్లదేశమున దినచర్యను వ్రాసి ప్రసిద్ధుడైన సామ్యూల్ పెపీస్‌కు 1658 మార్చి 26వ తేదీన రాయి తీయబడినది. మత్తుమందు లేని కాలమగుటచే రోగిని బల్లకు కట్టివేసి, నిమిషములలో పని ముగింపవలసియుండెను. టెన్నిసు బంతియంత యుండిన ఆ రాతిని అతడు పెట్టె చేయించి దాచుకొని, ప్రాణము దక్కిన ఆ దినమున ఏటేట విందు చేసికొనెడివాడు. 1727 మొదలు లండనులో విలియం చెజెల్డెన్ ప్రక్కకోత పద్ధతిని చక్కదిద్ది, నిమిషమునకు లోపలనే రాతిని తీయగల హస్తలాఘవమును సంపాదించెను. అతడు ప్రకటించిన 213 మంది రోగులలో మృతిచెందినవారు 20 మంది. నూటికి పదిమంది చనిపోవుట ఆ కాలమున గొప్పవిజయముగా లెక్కింపబడినది. ఇట్టి శస్త్రమునకు జంకిన జనులు రాతిని కరగించు మందులకై ఎంతగా పరితపించిరనుటకు దృష్టాంతముగా, 1739లో ఆంగ్ల పార్లమెంటు జొయానా స్టీఫెన్స్ అను స్త్రీకి, ఆమె ఔషధరహస్యమును వెల్లడించినందులకు 5,000 పౌనుల ద్రవ్యము నిచ్చెను. వెల్లడియైన రహస్యమేమనగా, కాల్చిన గ్రుడ్డుపెంకులు, నత్తలు, సబ్బు!

భారతదేశమున ఇంతకంటె విచిత్రమైన వృత్తాంతము జరిగినది. లక్నోలో స్థిరపడిన ఫ్రెంచిసేనాని క్లాడ్ మార్టిన్, 1782 ప్రాంతమున, మూత్రాశయములోని రాతిని తనంత తానే అరగదీసికొనెను. అల్లికసూది కొనను ఆకురాయిగా గరుకుదేర్చి, తిమింగలపుబద్ద పిడికి బిగించి, మూత్రమార్గమున లోపలికి పోనిచ్చి, దినమునకు పలుమారులు, నెలల తరబడి రాతిని రాచుచు, రాలిన పొడిని మూత్రముతో విడుచుచు వచ్చెను. కోత లేకయే రాతిని లోపల చూర్ణముచేయు పద్ధతికి వైద్యులకన్న ముందు ఒక రోగియే ఆద్యుడైనాడని చెప్పవచ్చును.

ఆ పద్ధతిని శాస్త్రీయముగా స్థాపించినవాడు పారిసునగరమందలి జాన్ సివియాల్. 1824 జనవరి 13వ తేదీన అతడు మూడుకొమ్ముల పట్టుకారును మూత్రమార్గమున పంపి, రాతిని పట్టి, తొలిచి, ముక్కలుగావించెను. కోతవలన సుమారు అయిదుగురిలో ఒకరును, తన పద్ధతివలన నూటికి ఇద్దరు ముగ్గురును మాత్రమే మరణించుచున్నారని అతడు లెక్కలు ప్రకటింపగా, 1835లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు గణితవేత్త పాయిసాన్ మొదలగువారితో ఒక సంఘమును నియమించి వానిని విచారించినది. చికిత్సలను సంఖ్యలతో పోల్చి తీర్పు చెప్పవచ్చునా యను వాదమునకు అది ప్రసిద్ధమైన తొలిరంగస్థలము. మత్తుమందు వచ్చిన తరువాత, 1878లో బోస్టనునందు హెన్రీ బిగిలో, రాతిని పగులగొట్టుటయు, వెడల్పాటి గొట్టముద్వారా ముక్కలన్నిటిని పీల్చివేయుటయు ఒక్క విడతలోనే ముగించు విధానమును ప్రవేశపెట్టెను. మూత్రమార్గము సన్ననిదగుటచే బాలురకు ఇది పనికిరాదని పాశ్చాత్యవైద్యులు తలచుచుండగా, ఇండోరులో కీగన్ అను వైద్యుడు బాలురయందును దీనిని నిరపాయముగా నెరవేర్చి చూపెను. పంజాబు, సింధు, రాజపుత్రస్థానములలో చిన్నపిల్లలకు మూత్రాశయపురాళ్లు విరివిగా వచ్చుచుండుటయే ఆ అనుభవమునకు కారణము.

ఇంతవరకు చెప్పినదంతయు మూత్రాశయపు రాతిని గూర్చియే. మూత్రపిండమునందలి రాయి చేయి చొరరాని తావున నుండుటచే చాలకాలము అగమ్యముగానే యుండెను. 1869లో హైడెల్‌బర్గునందు గుస్తావ్ సైమన్ ఒక మూత్రపిండమును తీసివేసినను మనుష్యుడు జీవింపగలడని నిరూపించెను. 1880లో లండనునందు హెన్రీ మారిస్ మూత్రపిండమును నిలిపి అందలి రాతిని మాత్రము తీసెను. 1877లో మాక్స్ నిట్జె సిస్టోస్కోపును ప్రదర్శించుటతో మూత్రాశయపు లోభాగము కంటికి కనబడినది. ఎక్స్‌కిరణములు కనుగొనబడిన మరు సంవత్సరమే, 1896లో, గ్లాస్గోలో మెకింటైర్ మూత్రపిండపు రాతికి ఛాయాచిత్రము తీసెను. అయినను నడుము ప్రక్కను జేనెడు కోత కోసి రాతిని తీయుటయే తరువాతి ఎనుబది యేండ్లు శరణ్యమయ్యెను.

1976లో స్టాకుహోమునందు ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ అనువారు వీపునుండి మూత్రపిండములోనికి సన్ననిమార్గము నేర్పరచి, దానిగుండా రాతిని తీసిరి. నాలుగేండ్లకే అంతకంటె ఆశ్చర్యకరమైన ఉపాయ మొకటి విమానశాస్త్రమునుండి వచ్చినది. ధ్వనివేగమును మించి పోవు విమానములకు వానచినుకులు తగిలినపుడు లోహమునకు కలుగు హానిని పరిశీలించుచుండిన జర్మనీలోని డోర్నియర్ సంస్థవారికి, ఆఘాతతరంగములు మెత్తనిపదార్థమును దాటిపోయి గట్టిపదార్థమును భేదించునని తోచెను. ఆ సూత్రమునుబట్టి నిర్మించిన యంత్రముతో 1980 ఫిబ్రవరి 7వ తేదీన మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందము, నీటితొట్టిలో రోగిని ఉంచి, చర్మమునకు గాటైన పడకుండ మూత్రపిండములోని రాతిని చూర్ణముచేసినది. ఇక కత్తితో పనిలేదని ఆనాడు పలువురు సంబరపడిరి. కాని మిక్కిలి గట్టిరాళ్లు, పెద్దరాళ్లు దీనికి లొంగవు. లొంగినను, మూత్రపిండపు క్రిందిగదిలో ముక్కలు నిలిచిపోయి తిరిగి పెరుగుట అనుభవమునకు వచ్చినది. పొడి మిగులరాదన్న సుశ్రుతుని హెచ్చరిక, ఆఘాతతరంగ యుగమునందును కాలముతీరినది కాలేదు. అందుచే 1990ల తరువాత, మూత్రమార్గముననే వంగుడుగొట్టమును మూత్రపిండముదాక పంపి, హోల్మియం లేజరుతో రాతిని పొడిచేయు విధానము ప్రబలినది. ఇటీవల థూలియం ఫైబర్ లేజరు దానితో పోటీపడుచున్నది. పొడిని అప్పటికప్పుడు పీల్చివేయు గొట్టములును వాడుకలోనికి వచ్చినవి. మత్తు ఇవ్వకయే, తక్కువపీడనము గల అతిధ్వనితరంగములతో రాతిని పగులగొట్టి, ముక్కలను నెట్టివేయు ప్రయోగములు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున జరుగుచున్నవి.

ఇక రాతి పుట్టుకను గూర్చిన విచారము. 1776లో స్వీడనుదేశీయుడగు షీలె రాళ్లలో యూరిక్ ఆమ్లమును కనుగొనెను. 1797లో వొలాస్టన్ రాళ్లన్నియు ఒక్కటే ద్రవ్యము గావని తేల్చెను. అటుపిమ్మట శతాబ్దముపైగా ఈ త్రోవ దాదాపు నిర్జనముగానే యుండెను. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఎలుకలకు ఎ-విటమిను కొరవడిన, గోధుమపిండి మిక్కుటమైన ఆహారము పెట్టి వాని మూత్రాశయములలో రాళ్లు పుట్టించి, ఈ వ్యాధికి భోజనమునకు గల సంబంధమును చూపెను. మనదేశమున పేదపిల్లల మూత్రాశయపురాళ్లు ఆహారస్థితి మెరుగుపడుటతో తగ్గిపోగా, కలిగిన కుటుంబముల పెద్దలయందు మూత్రపిండపురాళ్లు హెచ్చుట ఆ సంబంధమునకు మరియొక ముఖము. 1937లో అమెరికాలో అలెగ్జాండర్ రాండల్, మూత్రపిండాంకురములపై పేరుకొను సున్నపుమచ్చలే పెక్కురాళ్లకు మొలకలని ప్రతిపాదించెను. ఎన్నో యేండ్లు ఉపేక్షింపబడిన ఆ మాట, ఈ శతాబ్ది యారంభమున చేసిన సూక్ష్మదర్శిని పరీక్షలచే బలపడినది.

ఆహారవిషయమున నేటి పరిశోధన జనవిశ్వాసములను కొన్నిటిని నిలిపి, కొన్నిటిని తలక్రిందు చేసినది. తెలుగునాట రాయి యున్నదని తెలిసిన మరునాడే ఇంటివారు పాలు, పెరుగు మానుపించి, ఉలవకట్టు, బార్లీనీళ్లు, అరటిదూట రసము, కొండపిండి ఆకు కషాయము పట్టించుట పరిపాటి. నీరు హెచ్చుగా త్రాగించుటలో ఆ పెద్దలది పొరపాటు గాదు: 1996లో ఇటలీయందు బోర్గి బృందము 199 మందిని అయిదేండ్లు పరీక్షింపగా, నీరు విరివిగా త్రాగినవారిలో నూటికి 12 మందికిని, తక్కినవారిలో 27 మందికిని రాయి తిరిగివచ్చినది. పాలు మానుపించుటయే పొరపాటు. 1993లో అమెరికాలో కర్హన్ మొదలగువారు 45,619 మంది పురుషులను పరిశీలింపగా, భోజనమున కాల్షియము హెచ్చుగా గలవారికే రాళ్లు తక్కువగా వచ్చినవి. 2002లో బోర్గి ప్రయోగమున, కాల్షియము తగ్గించిన 60 మందిలో 23 మందికి రాయి మరల రాగా, కాల్షియము మామూలుగానే ఉంచి ఉప్పును మాంసమును తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చినది. పేగులలో కాల్షియము ఆక్సలేటుతో కూడి దానిని మలముతో బయటికి పంపును. కాల్షియము కొరవడినచో ఆక్సలేటు రక్తమున చేరి మూత్రమునకు వచ్చును. రోగికి రాయి వచ్చిన మరుక్షణమే పెరుగు మానుమని చెప్పు అలవాటు వైద్యులలోనే ఇంకను కొందరికి పోలేదు. ఊరగాయ తగ్గింపుమని చెప్పువారు అరుదు. దినమునకు రెండున్నర లీటర్లకు తక్కువకాకుండ మూత్రము పోవునంత నీరు త్రాగవలయునన్నది నేటి నియమము. వైశాఖజ్యేష్ఠములలో పొలముననో భవననిర్మాణముననో చెమటోడ్చువానికి ఇది సీసాడు నీళ్లతో తీరునది కాదు.

ఔషధములలో నమ్మకముంచినవి కొన్ని పరీక్షకు నిలువలేదు. మూత్రనాళమున చిక్కిన రాయి తనంత జారిపోవుటకై విరివిగా ఇచ్చుచుండిన టాంసులోసిన్, 2015లో బ్రిటనునందు వేయిమందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో, ఉత్తమందుకంటె మేలనిపించుకొనలేదు. రాయి తిరిగిరాకుండుటకు దశాబ్దములుగా వాడబడిన హైడ్రోక్లోరోథయాజైడును 2023లో స్విట్జర్లాండునందు 416 మందిపై మూడుమోతాదులలో పరీక్షింపగా, ఏ మోతాదునకును గణనీయమగు ఫలము కనబడలేదు. పేగులలో ఆక్సలేటును భుజించి బ్రతుకు ఆక్సలోబాక్టర్ అను సూక్ష్మజీవిని మింగించిన ప్రయోగములును ఆశించినంత ఫలింపలేదు. ఫలించినది మిక్కిలి అరుదైన వ్యాధియందు: పుట్టుకతోనే కాలేయము ఆక్సలేటును అమితముగా ఉత్పత్తిచేయు మొదటితెగ ప్రాథమిక హైపర్‌ఆక్సలూరియాకు, ఆ ఉత్పత్తికి తోడ్పడు ఒక ఎంజైమునకు మూలమగు జన్యువు సందేశమును అణచివేయు లుమాసిరాన్ అను ఇంజెక్షను 2020లో ఆమోదింపబడి, రోగుల మూత్రమున ఆక్సలేటును బాగుగా తగ్గించినది. సామాన్యమగు కాల్షియం ఆక్సలేటు రాతికి అట్టి ఏకకారణము లేదు. జన్యువులు, ఎండ, వంటకము, బరువు, మధుమేహము పెనవేసికొనిన ఆ వ్యాధియందు, తీసిన రాతిని పారవేయక ప్రయోగశాలకు పంపి, ఒక అహోరాత్రపు మూత్రమంతయు కొలిచి, ఏ రోగికి ఏ దోషము ప్రధానమో వేరువేరుగా నిర్ణయించుటయే ఇప్పటి వైద్యులు అనుసరించు మార్గము.