వావిలాకు నుంచి వాత దాకా: కొత్తగూడ సీమలో కీళ్ల నొప్పుల నాటు వైద్యం

కొత్తగూడ ఒకప్పుడు వరంగల్ జిల్లాలోని ఏజెన్సీ మండలం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరింది. కోయ గూడేలు, లంబాడీ తండాలు ఉన్న ఈ అడవి సీమలో బతుకంతా నడకా, వంగి చేసే పనీ. ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కోయడం, నాట్లు వేయడం మోకాళ్ల మీదా నడుము మీదా భారం మోపే పనులే. అందుకే ఇక్కడి ఇంటి వైద్యంలో కీళ్ల నొప్పుల మందులకు పెద్ద చోటుంది.

పల్లెల్లో ఈ నొప్పులన్నిటికీ ఒకటే పేరు, వాతం. ఆ ఊహ ఆయుర్వేదం నుంచి వచ్చింది. చరక సంహిత వాతరోగాలను 80గా లెక్కించింది. మాధవనిదానం ఆమవాతాన్ని విడి రోగంగా వర్ణించింది. సంస్కృత శ్లోకాల మధ్య తెలుగు కలిపి కూర్చిన బసవరాజీయం తెలుగు వైద్యుల చేతి పుస్తకమైంది. గూడెం వైద్యానికి మాత్రం పుస్తకం లేదు. తండ్రి కొడుక్కు చెట్టు చూపించి నేర్పిందే చదువు. పసరు పేరు బయటికి చెబితే మందు పనిచేయదన్న నమ్మకం వల్ల ఆ విద్య ఇల్లు దాటలేదు, దానికి పరీక్ష కూడా జరగలేదు.

ఈ మందుల్లో ముందు చెప్పవలసింది వావిలి. వాగుల ఒడ్డున పెరిగే ఈ పొద ఆకును కుండలో వేసి, నీళ్లు రంగు మారి ఘాటు వాసన వచ్చేదాకా మరిగిస్తారు. ఓర్చుకోగలిగినంత వేడిగా ఆ నీళ్లను మోకాలి మీద ధారగా పోస్తారు, ఉడికిన ఆకును గుడ్డలో మూటకట్టి కాపడం పెడతారు. బాలింతకు పోసేదీ ఈ నీళ్లే. జిల్లేడు ఆకుకు ఆముదం రాసి, నిప్పు సెగకు వెచ్చజేసి కట్టడం మరో పద్ధతి. ఆ చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి తుంచేటప్పుడు జాగ్రత్తపడతారు. మర్దనకు ఇప్పనూనె వాడతారు. చలికి వెన్నలా గడ్డకట్టే ఈ నూనెను కాస్త వేడిచేసి రుద్దుతారు.

తినే మందుల్లో నల్లేరు ముఖ్యం. కణుపు కణుపుగా ఉండే దాని తీగ విరిగిన ఎముకను అతికిస్తుందని నమ్మకం. దురద పుట్టించే గుణం ఉంది కనుక చేతికి నూనె రాసుకుని, లేత కాడల నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి నూరతారు. సొంఠి, వెల్లుల్లి, వాము ప్రతి ఇంట్లోనూ ఉండేవే.

వీటన్నిటికంటే కఠినమైనది వాత పెట్టడం. నొప్పి ఉన్నచోట కాల్చిన ఇనుముతోనో, నల్లజీడి గింజ రసంతోనో చర్మాన్ని కాల్చేవారు. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టింది ఆ నల్లని రసంతోనే. అది తగిలిన చర్మం బొబ్బలెక్కి పుండవుతుంది. కొత్త మంట ముందు పాత నొప్పి కొంతసేపు మరుగున పడుతుంది, కీలు మాత్రం అలాగే ఉంటుంది. ముష్టి గింజలను మందులో కలపడం మరింత ప్రమాదం. వాటిలోని స్ట్రిక్నిన్ మోతాదు కాస్త మించితే ప్రాణం తీస్తుంది.

ఈ వైద్యం ఇంతకాలం నిలవడానికి కారణాలున్నాయి. వేడి, మర్దన నిజంగానే బిగిసిన కండరాలను సడలించి కొన్ని గంటలు ఊరటనిస్తాయి. కీళ్ల నొప్పి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగినప్పుడు మందు వాడతారు, తర్వాత తగ్గినదంతా మందు ఖాతాలో పడుతుంది. 2005-06లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా కుదిపేసినప్పుడు ఇదే జరిగింది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో నొప్పులు వాటంతటవే తగ్గాయి, చివరగా వాడిన పసరుకు పేరొచ్చింది. పైగా పసరు ఇచ్చే మనిషి గూడెంలోనే ఉండేవాడు. పెద్దాసుపత్రి అంటే దూరాన వరంగల్‌లో ఉన్న ఎంజీఎం. మహబూబాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2022లోనే.

వావిలాకుకు వాపు తగ్గించే గుణం ఉన్నట్టు జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. మనుషుల్లో కీళ్ల జబ్బును నయం చేస్తుందని రుజువు కాలేదు. అరుగుదలకూ, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడిచేసే రుమటాయిడ్ జబ్బుకూ వాతం అనే ఒక్క పేరే ఉండటం వల్ల జరిగిన నష్టం ఎక్కువ. రెండోది ఆకు పట్టు కింద ఊరట దొరుకుతుండగానే కీలును తినేస్తుంది, వేళ్లు వంకర పోతాయి. దానికి నేడు ముందుగా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ప్రధానమైనది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల్లోంచి 1940లలో వచ్చిన మందు అది. మొదట క్యాన్సర్‌కు వాడారు. 1988లో అమెరికా దాన్ని రుమటాయిడ్ జబ్బుకు అనుమతించింది. వారానికి ఒక్కసారే, డాక్టరు పర్యవేక్షణలోనే వాడవలసిన మందు.

రుమాటిజాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మంత్రతంత్ర ఔషధ ప్రకటనల చట్టం నిషేధించింది. అయినా మూలికల పొడి పేరుతో స్టెరాయిడ్ కలిపి అమ్మే మోసం దేశమంతటా బయటపడుతూనే ఉంది. రెండు రోజుల్లో నొప్పి మాయమవడం ఆ కల్తీకి గుర్తు కావచ్చు. తర్వాత ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

కొత్తగూడ వంటి పల్లెల్లో వావిలి నీళ్లు, ఇప్పనూనె మర్దన, నల్లేరు పచ్చడి నేటికీ పోలేదు. ఇవి ఊరటనిచ్చే అలవాట్లు, ఒళ్లు కాలకుండా చూసుకుంటే హాని తక్కువ. వాతలు, ముష్టి, పేరు తెలియని పొడులు విడిచిపెట్టవలసినవి. ఆరు వారాలు దాటినా తగ్గని వాపు, పొద్దున లేవగానే గంటసేపు వదలని బిగుతు కనిపిస్తే, ఆ కీలును డాక్టరుకు చూపించవలసిందే.