'అదనపు' గది దేనికి అదనం? తెలుగు ప్రాంతాల్లో తరగతి గదుల నిధులు, ప్రణాళికలు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చదువు సరిగా అబ్బనివాణ్ణి 'వానాకాలం చదువు' అని ఎత్తిపొడవడం తెలుగువారికి అలవాటు. ఆ నుడికారం ఎలా పుట్టిందన్న చర్చ అలా ఉంచితే, చినుకు పడితే బడి లేదన్న తరతరాల అనుభవం మాత్రం అందులో వినిపిస్తుంది. చదువు నాణ్యతను కప్పుతో ముడిపెట్టిన మాట అది. ప్రభుత్వ పత్రాల్లో దీనికి దీటుగా నిలిచే పదబంధం 'అదనపు తరగతి గది'. గత నాలుగు దశాబ్దాల విద్యా ప్రణాళికల్లో ఇంత తరచుగా కనిపించి, ఇంత తక్కువగా చర్చకు వచ్చిన మాట మరొకటి లేదనిపిస్తుంది. అదనం అంటే ఒక మూలసంఖ్య ఉండాలి. ఆ మూలసంఖ్యను ఎవరు, దేన్ని బట్టి నిర్ణయించారు? ఈ కొలమానం ఎప్పుడెప్పుడు మారిందో, మారినప్పుడల్లా గది ఏ బడిలో లేచి ఏ బడిలో లేవలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అరుగు మీది బడి

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లను దేశీయ విద్య వివరాలు అడిగాడు. ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, ఏ కులాలవారు, ఆడపిల్లలెందరు అన్నవి ఆ పట్టికలోని అంశాలు. 1826 నాటి నివేదికలో రాజధాని మొత్తానికి 12,498 బడులు లెక్కకు వచ్చాయి. ఆ పట్టికలో గదుల గడి లేదు. ఉండే అవసరమూ లేదు. బడి అంటే పంతులు, ఆయన చుట్టూ పిల్లలు. చోటు వీధి అరుగో, గుడి మండపమో, పంతులుగారి వసారానో. వీధిబడి అన్న పేరులోనే చోటు సంగతి ఉంది.

కట్టడం ప్రభుత్వానికి ప్రశ్నగా మారింది డబ్బుతోనే. 1854 నాటి వుడ్ తాఖీదు తరువాత సహాయక గ్రాంటుల పద్ధతి వచ్చింది. గ్రాంటుతో తనిఖీ, తనిఖీతో వసతి గురించిన నిబంధనలు వచ్చాయి. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు విద్యా పన్ను వేసే అధికారమిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నుంచి ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల చేతికి వెళ్ళాయి. ఈ సుదీర్ఘకాలంలో చాలా ఊళ్ళలో బడి చోటు ఊరి బాధ్యతే. ఒకరు స్థలం ఇస్తే, మరొకరు దూలాలు ఇచ్చేవారు. కప్పు తాటికమ్మలదో, రెల్లుగడ్డిదో. ఏటేటా కమ్మ మార్చే పని ఎవరిదన్న దగ్గరే తగాదా వచ్చేది.

రెండు గదుల లెక్క

1986 జాతీయ విద్యా విధానం నాటికి దేశవ్యాప్త చిత్రం సర్వేల్లో నమోదై ఉంది. నాలుగో అఖిల భారత విద్యా సర్వే ప్రకారం సుమారు 40 శాతం ప్రాథమిక పాఠశాలలకు పక్కా భవనాలు లేవు. దాదాపు అంతే శాతం బడులకు నల్లబల్ల కూడా లేదు. 1987-88లో మొదలైన 'ఆపరేషన్ బ్లాక్ బోర్డు' ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి ఉండాలని నిర్దేశించింది. గదులు 'అన్ని కాలాల్లోనూ వాడుకోదగినవి' కావాలన్న షరతు గమనార్హం. వానాకాలం చదువుకు ప్రభుత్వ భాషలో వచ్చిన తొలి జవాబు ఇదేననవచ్చు.

అయితే ఈ పథకంలో డబ్బు రెండు దారుల్లో నడిచింది. రెండో ఉపాధ్యాయుని జీతం, సామగ్రి కేంద్రం భరించింది. గదుల నిర్మాణం రాష్ట్రం బాధ్యత. అందుకు ప్రధానంగా చూపిన ఆధారం గ్రామీణ ఉపాధి పథకాల నిధులు, 1989 తరువాత జవహర్ రోజ్‌గార్ యోజన. ఇక్కడొక మౌలికమైన పొంతన లేమి ఉంది. ఉపాధి పథకం కూలికి పెద్దపీట వేస్తుంది. చెరువు పూడిక తీయడానికి అది సరిపోతుంది. గది సంగతి వేరు. సిమెంటు, ఇనుము, ఇటుక, కలప కొన్నాకనే కూలికి పని పుడుతుంది. కూలి కోసం రూపొందిన నిధితో సామగ్రి ఎక్కువగా కావలసిన కట్టడాన్ని కట్టమనడంలోనే ఆలస్యం పొంచి ఉంది. మూడు దశాబ్దాలు గడిచాక కూడా ఇదే చిక్కు మరో రూపంలో కనబడుతుంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం సామగ్రి వ్యయాన్ని 40 శాతానికి పరిమితం చేసింది.

1992లో సవరించిన విధానం రెండు గదులను మూడు చేసింది. వందమందికి మించి పిల్లలున్న బడికి మూడో ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలంది. బడి అనే ప్రమాణం పక్కన పిల్లల సంఖ్య అనే ప్రమాణం తొలిసారి నిలిచింది.

విదేశీ సహాయం, శాతాల గోడ

ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ సహాయంతో ప్రాథమిక విద్యా పథకం నడిచింది. ఉపాధ్యాయ శిక్షణ, బడి కట్టడాలు దాని రెండు కాళ్ళు. 23 జిల్లాల్లో సుమారు 80,000 మంది ఉపాధ్యాయులు శిక్షణ పొందారు. ఆ శిక్షణలో బృందకృత్యాలకు ప్రాధాన్యం ఉంది. పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి, గోడలకు వారి పనులు వేలాడదీయాలి. అలా కూర్చోవాలంటే చోటు కావాలి, వేలాడదీయాలంటే గోడ కావాలి. బోధనాపద్ధతి తనకు తగిన గదిని అడగడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నేను చదివిన ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో వీపులు ఆనించి కూర్చునేవి. మాకు ఎక్కం, వాళ్ళకు పద్యం. రెండూ కలిసి వచ్చాయో, రెండూ పోయాయో ఇప్పటికీ చెప్పలేను.

1990ల నడుమ వచ్చిన జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) మరో ముఖ్యమైన మార్పు తెచ్చింది. కేంద్రం వాటా 85, రాష్ట్రం వాటా 15. కట్టడాలకు మొదట 24 శాతం పరిమితి, తరువాత 33 శాతం. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ ఈ 33 శాతాన్ని కొనసాగించింది. డబ్బంతా ఇటుకల్లోకి పోకూడదన్న జాగ్రత్త దీని వెనుక ఉంది, అది సమంజసమే. కానీ గదుల కొరత అన్ని జిల్లాల్లో ఒకేలా లేదు, పరిమితి మాత్రం ఒకటే. పాత కట్టడాలు ఉన్న జిల్లాకు ఆ గోడ తగలదు. చెట్టుకింది బడులున్న జిల్లాకు మొదటి సంవత్సరంలోనే తగులుతుంది. సమాన నియమం అసమానతను కొంతకాలం నిలిపి ఉంచిందన్నది నా అంచనా.

కొలమానం కూడా మారింది. సర్వశిక్షా అభియాన్ ప్రమాణం ప్రకారం ఉపాధ్యాయుడికొక గది లేదా తరగతికొక గది, ఏది తక్కువైతే అది. 'ఏది తక్కువైతే అది' అన్న మూడు మాటలు ఎన్ని గదులను ఆపాయో లెక్కించడం కష్టం. ఉపాధ్యాయ పోస్టు ఖాళీగా ఉన్న బడి గదికి అర్హత కోల్పోతుంది. గది లేని బడికి వెళ్ళడానికి ఉపాధ్యాయుడు ఇష్టపడడు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 'ఉపాధ్యాయుడికి కనీసం ఒక గది' అన్న సూత్రాన్ని తన షెడ్యూలులో చేర్చి, మూడేళ్ళ గడువు పెట్టింది. అప్పటివరకు పథకంగా ఉన్నది హక్కుగా మారింది. అయితే వాటాల లెక్క అంతలోనే మారుతూ వచ్చింది. పదో ప్రణాళికలో 75:25గా ఉన్న నిష్పత్తి చట్టం వచ్చాక 65:35 అయింది, 2015-16 నుంచి 60:40. హక్కు బలపడిన కొద్దీ రాష్ట్రం మోయవలసిన బరువు పెరిగింది.

ఒక గది ప్రయాణం

మంజూరు మార్గాన్ని ఇక్కడ వివరించక తప్పదు. సెప్టెంబరు 30ని ఆధారంగా చేసుకుని ప్రధానోపాధ్యాయుడు నింపిన సమాచార పత్రం మండలానికి, అక్కడినుంచి జిల్లాకు వెళుతుంది. జిల్లా వార్షిక ప్రణాళికలు రాష్ట్ర ప్రణాళికగా కూడి, ఢిల్లీలో పథక ఆమోద మండలి ముందుకు వస్తాయి. ఆమోదం వచ్చాక విడతలుగా సొమ్ము. రాష్ట్రం తన వాటా జమ చేయకపోతే రెండో విడత కదలదు. ఊళ్ళో నిర్మాణం గుత్తేదారుకు ఇవ్వరాదు, విద్యా కమిటీయే చేయించాలి. తీర్మానం, ఉమ్మడి ఖాతా, ఇంజనీరు కొలతల పుస్తకం. పునాదికి కొంత, లింటెల్‌కు కొంత, స్లాబుకు కొంత. సెప్టెంబరులో లెక్కించిన పిల్లల కోసం గది తలుపు తెరుచుకునేసరికి వారిలో కొందరు హైస్కూలుకు వెళ్ళిపోయి ఉంటారు. అంచనా వేసిన నాటి సిమెంటు ధర కొన్ననాడు ఉండదు. ఏజెన్సీ గూడేనికి ఇసుక నెత్తిన మోయించవలసి వస్తే ఆ తేడా ప్రధానోపాధ్యాయుడి మీద పడుతుంది. చదువు చెప్పవలసినవారు మేస్త్రీలయ్యారన్న విమర్శ అన్యాయమేమీ కాదు. అయినా కమిటీ కట్టించిన గది మీద ఊరి కన్ను ఉంటుందన్న వాదనను కూడా తోసిపుచ్చలేం.

ఖాళీ గది, చాలని గది

2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'మనబడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 పాఠశాలలను చేర్చుకుంది. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, బల్లలు అందులో ముఖ్యం. అదనపు గదులు రెండో విడతకు జరిగాయి. తెలంగాణలో 2022 మార్చి 8న ప్రారంభమైన 'మన ఊరు-మన బడి' 26,065 పాఠశాలలను మూడు విడతల్లో చేపట్టదలచి, తొలి విడతకు 9,123 బడులను ఎంచుకుంది. ఉపాధి హామీ సహా పలు పద్దులను దీనికి కలిపారు. 1987 నాటి సమస్య వేరే పేరుతో మళ్ళీ ఎదురైంది.

వీటికంటే ఆసక్తికరమైనది 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణ. అనేక చోట్ల 3, 4, 5 తరగతులు దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలాయి. ప్రాథమిక బడిలో గదులు ఖాళీ అయ్యాయి, హైస్కూలులో చాలలేదు. ఒక్క ఉత్తర్వుతో ఒకే ఊళ్ళో మిగులు, కొరత రెండూ పుట్టాయి. తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది. పిల్లలు ఇటూ అటూ నడవగలరు. స్లాబు నడవలేదు. కొలమానం మొదట బడి, తరువాత ఉపాధ్యాయుడు, ఆపైన తరగతి అయినప్పుడు, పాత కొలమానంతో కట్టిన గది కొత్త లెక్కలో అదనమవుతుంది, ఈసారి అక్షరార్థంలో.

ఈ చరిత్రకు అసలైన ఆకరాలు ఢిల్లీ నివేదికల్లో లేవు. కమిటీ తీర్మానాల పుస్తకాల్లో, కొలతల పుస్తకాల్లో, ప్రధానోపాధ్యాయుల నగదు పుస్తకాల్లో ఉన్నాయి. స్థలదాత పేరు, ఊరివాళ్ళు మోసిన ఇసుక బండ్ల లెక్క, ఆగిపోయిన బిల్లుకు రాసిన విన్నపం, అన్నీ వాటిలోనే. బడి మరో బడిలో విలీనమైనప్పుడు హాజరుపట్టీలు, సేవాపుస్తకాలు బదిలీ అవుతాయి. తీర్మానాల పుస్తకం మాత్రం తాళం వేసిన ఆ గది బీరువాలోనే చెదలకు మిగులుతోంది. జిల్లాకొక మండలాన్ని ఎంచుకుని వీటిని సేకరించే పని చరిత్ర, తెలుగు శాఖల పరిశోధకులు కలిసి చేయదగినది, అదీ ఆ బీరువాలు వేలానికి వెళ్ళకముందే.