తద్విద్య సంభాష

తద్విద్య సంభాష అనగా ఒకే విద్యను అభ్యసించినవారు తమలో తాము జరుపుకొనే శాస్త్ర చర్చ. ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో, విమాన స్థానం 8వ అధ్యాయంలో దీని నియమాలు వివరంగా ఉన్నాయి. వైద్యునికి జ్ఞానాన్ని పెంచే ఉపాయాలు మూడని, అవి అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష అని ఈ అధ్యాయం చెబుతుంది. చదవడం, చదువు చెప్పడం అనే వాటి సరసన చర్చను కూడా నిలపడం గమనించదగిన విషయం.

ప్రయోజనం

చర్చ వలన వాక్శక్తి పెరుగుతుంది, విన్నదానిలోని సందేహం తీరుతుంది, ఇదివరకు విననిది వినబడుతుంది. గురువు ప్రియశిష్యునికి కొద్దికొద్దిగా మాత్రమే చెప్పే రహస్యార్థాలను, గెలవాలనే ఉబలాటంలో పండితుడు ఒక్కసారిగా బయటపెడతాడని కూడా ఇందులో ఉంది. గ్రంథకర్తకు మనుష్య స్వభావం బాగా తెలుసు! వైద్యుల విషయంలో ఇది కేవలం పాండిత్య వినోదం కాదు. తీరని సందేహంతో చికిత్సకు పూనుకుంటే నష్టపోయేది రోగి.

సంధాయ సంభాష

స్నేహభావంతో జరిగే చర్చకు సంధాయ సంభాష అని పేరు. జ్ఞానం, సమాధానం చెప్పగల శక్తి ఉండి, కోపం, అసూయ లేనివారితో, నచ్చజెబితే వినేవారితో, ఇతరులకు నచ్చజెప్పగలవారితో, ప్రియంగా మాట్లాడేవారితో దీనిని జరపాలి. అట్టివారితో శంక లేకుండా మాట్లాడాలి, శంక లేకుండా అడగాలి. వారు అడిగినప్పుడు అర్థాన్ని విడమరచి చెప్పాలి. ఓడిపోతామేమోనని కలతపడరాదు. ఓడించినందుకు పొంగిపోరాదు, ఆ సంగతి నలుగురిలో చాటుకొనరాదు. మోహంతో ఒకే పక్షాన్ని పట్టుకొని వేలాడరాదు. ఈ నియమాలలో చివరి మూడు గెలిచినవానికీ, పట్టు విడువనివానికీ సంబంధించినవి కావడం విశేషం. చర్చ చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

విగృహ్య సంభాష

గెలుపు కొరకు చేసే వాదం విగృహ్య సంభాష. దీనికి దిగేముందు ప్రతివాది తనకంటె అధికుడా, సముడా, తక్కువవాడా అని, సభ అనుకూలమా, ప్రతికూలమా అని చూసుకోవాలి. ప్రతివాది బలహీనతను బట్టి అతనిని తికమకపెట్టే ఉపాయాలను కూడా గ్రంథం దాచకుండా చెబుతుంది. వెంటనే హెచ్చరిక కూడా చేస్తుంది: తీవ్రమైన వాదం ద్రోహానికి దారితీయవచ్చు, కోపం వచ్చినవాడు చేయరాని పని గాని, అనరాని మాట గాని ఉండదు, కనుక సజ్జనుల సభలో కలహాన్ని తెలిసినవారు మెచ్చరు.

మాటను మెలిపెట్టే వాక్ఛలానికి ఈ అధ్యాయంలోనే చక్కని ఉదాహరణ ఉంది. "ఈ వైద్యుడు నవతంత్రుడు" అని ఒకరంటారు. శాస్త్రం కొత్తగా నేర్చినవాడని వారి భావం. సంస్కృతంలో నవ అనగా కొత్త అనీ, తొమ్మిది అనీ అర్థాలు. వైద్యుడు రెండవ అర్థం పట్టుకొని, తనకు తొమ్మిది తంత్రాలు లేవు, ఒక్కటే ఉంది అంటాడు. అసలు విషయం పక్కకు పోతుంది.

న్యాయ శాస్త్రంలో

గౌతముని న్యాయ సూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించాయి. తత్త్వం తెలుసుకొనుటకు చేసేది వాదం. ఛలం మొదలైన వాటితోనైనా గెలువజూసేది జల్పం. తన పక్షమేదో స్థాపించకుండా ఎదుటివాని పక్షాన్ని ఖండించడమే వితండ. అయితే చరక సంహితలో వాదమనే మాట విగృహ్య సంభాషకే చెందుతుంది; జల్పం, వితండ దానిలోని భేదాలు. తెలుగులో వితండవాదం అనే మాట ఇక్కడి నుండి వచ్చినదే గాని, వాడుకలో దాని అర్థం విస్తరించి, మొండిగా చేసే ఏ అడ్డదిడ్డపు వాదనకైనా చెల్లుతున్నది.