పనిముట్ల చరిత్ర – 9: పాత చాకు మంచిదా, కొత్త చాకు మంచిదా?

పోయిన వారం ఒక మిత్రుడు ఇన్‌బాక్స్‌లో ఫోటో పంపాడు. ఇత్తడి పిడి ఉన్న మడత చాకు. కింద ‘వింటేజ్, చేత్తో చేసినది’ అని రాసి వేల రూపాయల ధర పెట్టారు. ‘అన్నా, పాతకాలం ఇనుమే వేరు కదా? ఇప్పటివన్నీ రేకులే కదా?’ అని అడిగాడు. అవునని రెండు ముక్కలు రాయబోయి ఆగాను. మా ఇంట్లోనూ ఒక పాత కత్తి ఉంది. దాన్ని ఎవరూ ఏనాడూ వింటేజ్ అనలేదు. అది మా జేజినాయన రంపె.

తెలియని మిత్రుల కోసం: రంపె అంటే తోలు కోసే కత్తి. వెడల్పాటి అంచు, ముందుకు తోస్తూ కోస్తారు. చాకులాగా మడిచి జేబులో వేసుకునేది కాదు, గుడ్డలో చుట్టి నడుముకు దోపుకునేది. ఆరె, గూటం, రంపె - ఈ మూడే మాదిగింటి ఆస్తి.

వాదన ఎందుకని మూడు కత్తులు తీసుకుని గుత్తి ఆర్ఎస్ పోయాను. ఒకటి ఈ రంపె. రెండోది రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన మా మామ మడత చాకు. మూడోది బజారులో కొన్న కొత్త స్టెయిన్‌లెస్ చాకు, తళతళా మెరుస్తోంది. స్టేషన్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ముందు మూడూ పెట్టాను. నేను చదివింది తెలుగు సాహిత్యం. కత్తి సంగతి ఆయనే చెప్పాలి.

‘ఏమప్పా, కత్తులకు పరీక్ష పెడ్తాండావా?’ అని నవ్వి, సానరాయి మీద నీళ్లు చల్లాడు.

రంపె నాలుగు రుద్దులకే పదునెక్కింది. తోలు వెన్నలా తెగింది. కానీ టైరు ముక్క మీద రెండు కోతలకే మొద్దుబారింది. మామ చాకు అంచు చూపించి ‘ఇది పెళుసు, చూడు, పలుకులు రాలినాయి’ అన్నాడు. కొత్తది రాయి మీద జారుతూనే ఉంది, పదునెక్కడానికి చాలాసేపు పట్టింది. ‘ఇది ఉల్లిగడ్డలకు బాగుంటాది. తుప్పు పట్టదు, ఇంట్లో ఇయ్యి.’

అప్పుడు తన పెట్టెలోంచి తన కత్తి తీశాడు. పాత ఇనుప సామాన్ల అంగడిలో దొరికిన ఆక్సా బ్లేడు ముక్క. ఒక కొస సాన పట్టి, ఇంకో కొసకు సైకిల్ ట్యూబు చుట్టాడు. తోలూ, టైరూ రెండూ దాంతోనే తెగాయి. నా మూడు కత్తులూ ఓడిపోయాయి.

దీని వెనక లెక్క చిన్నదే. మెత్తటి ఇనుమును ఎంత ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. అందులో సుమారు అర శాతానికి పైగా కార్బన్ ఉంటేనే మంచి అంచు నిలుస్తుంది. ముంచి వదిలేస్తే గాజులాగా పెళుసవుతుంది. మళ్లీ సన్న సెగ మీద, లోహం గడ్డి రంగుకు తిరిగేదాకా కాచాలి. మామ చాకులో ఆ రెండో కాపు సరిగా పడలేదనుకుంటా. స్టెయిన్‌లెస్‌కు 1913లో షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ పేరు తెచ్చాడు. క్రోమియం కలిపితే తుప్పు ఆగుతుంది. కానీ చవక చాకుల్లో వాడేది మెత్తటి రకం. పాతదా కొత్తదా అన్నది ప్రశ్నే కాదు. ఏ ఉక్కు, ఏ కాపు అన్నదే ప్రశ్న. ఇంకో సంగతి: పాతవాటిలో చెడ్డవి మన దాకా రాలేదు. విరిగినవి మళ్లీ కొలిమిలోకే పోయాయి. మిగిలిన మంచివాటిని చూసి కాలమంతా మంచిదంటున్నాం.

‘మన తెలుగు ఉక్కు ప్రపంచ ప్రసిద్ధి’ అని కామెంట్లు వస్తాయని తెలుసు. నిజమే. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవారు, దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. వోయ్సీ అనే ఇంగ్లీషాయన రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు దొరల ఖడ్గాల్లోకి పోయింది. మా జేజినాయన రంపెలోకి వచ్చిందని నేననుకోను. ఆయనది ఊరి కమ్మరి పాత ఆకురాయిని సాగగొట్టి చేసినదని నాయన చెప్పేవాడు.

అది ఎలా చేతికి వచ్చిందో కూడా నాయనే చెప్పాడు. జేజినాయన పాత ముక్కను కొలిమి బయట నేల మీద పెట్టి పక్కకు జరగాలి. కమ్మరి దాని మీద నీళ్లు చల్లి తీసుకునేవాడు. అయిపోయాక మళ్లీ నేల మీదే పెట్టేవాడు. సరే. కానీ ఆ కొలిమికి ఊపిరెక్కడిది? తిత్తి నుంచి. తిత్తి దేనిది? తోలుది. తోలు ఊనింది ఎవరు? తంగేడు చెక్క నానిన లందెలో చేతులు పెట్టి మేమే. తిత్తిలోని మా పని గాలికి మైల లేదు, మా కత్తికి ఉంది.

ఈ రంపె ఎక్కువగా కోసింది చెప్పుల తోలు కాదు, కపిల బానల తోలు. గుత్తి చుట్టూ కరువు నేల. 1876-78 కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఇక్కడ బావే బతుకు. కరెంటు మోటార్లు రాకముందు ఎద్దులు లాగిన బానలతోనే నీళ్లు పైకొచ్చేవి. బాన కోసింది, కుట్టింది, చిరిగితే అతుకేసింది మాదిగ. ఆ బాన బావిలోకి దిగేది. దాన్ని కుట్టినవాడు ఒడ్డున దోసిలి పట్టి నిలబడేవాడు. నాణ్యత గురించి రాసే పుస్తకాల్లో ఈ కొలత ఎక్కడా కనబడదు.

అందుకే ‘పాతకాలం పనితనం’ అని ఎవరైనా మురిసిపోతే నాకు గొంతు పట్టేస్తుంది. ఊరిని కీర్తించేవాళ్లకు బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే జవాబిచ్చాడు. కమ్మరి చేతి పనిని నేను తక్కువ చేయడం లేదు. ఆ రంపె అంచును ఇవాళ్టికీ ముద్దుగానే చూస్తాను. అయితే ఆ అంచు వెనకే నేల మీద పెట్టిన ఇనుప ముక్క కూడా కనిపిస్తుంది.

మిత్రుడికి జవాబు రాశాను: ఆ ఇత్తడి పిడి చాకు కొనొద్దు, ఫోటోలో ఉక్కు తెలియదు.

పెద్దాయన రంపెను గుడ్డలో చుట్టి ఇస్తూ ‘కొబ్బరినూనె పూసి పెట్టుకో, తుప్పు పట్టనియ్యొద్దు’ అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. స్టెయిన్‌లెస్ చాకు మాత్రం ఉంచుకున్నాడు, ఇంట్లో ఉల్లిగడ్డలకు.

వచ్చే భాగంలో ఆరె.