రంగు కింద దుమ్ము

కారు పెయింట్ చరిత్ర అనగానే మనకి రంగులే గుర్తొస్తాయి. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చింది. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్‌లాండ్ కార్లకి డ్యూపాంట్ వాళ్ళ డ్యూకో లాకర్ వేసి నీలాన్ని బజారుకి తెచ్చింది. గుర్రపు బగ్గీల నాటి వార్నిష్ పద్ధతిలో బండి తయారవడానికి వారాలు పట్టేది. లాకర్ గంటల్లో ఆరిపోయింది. అయితే రేకుని రుద్ది నున్నగా చేసే పని మాత్రం అలాగే ఉండిపోయింది. చరిత్రలో దానికి దక్కిన చోటు తక్కువ.

ఆ రోజుల్లో పెయింట్లలో సీసం ఉండేది. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా పనివాడి ఊపిరితిత్తుల్లోకే. ఫిలడెల్ఫియాలో ఇంకు తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ నీళ్ళకి తడిసినా చిరగని ఉప్పుకాగితం కనిపెట్టాడు. 1921లో త్రీఎమ్ దాన్ని అమ్మడం మొదలుపెట్టింది. నీళ్ళు పోస్తూ రుద్దితే దుమ్ము లేవదు, బురదై కారిపోతుంది. పైగా నునుపూ బాగా వస్తుంది.

ఈ కిటుకు మనవాళ్ళకి కొత్తేం కాదు. అనంతగిరి గుట్టలు దిగి తాండూరు వైపు వెళ్తే బండల పాలిష్ యూనిట్లు కనిపిస్తాయి. నాపరాయి మీద చక్రం తిరుగుతుంటే నీళ్ళు ధారగా పడుతూనే ఉంటాయి. రాతిపొడి బురదగా మారి కాలవలోకి పోతుంది.

కాకపోతే బండ నీళ్ళకి ఓర్చుకుంటుంది, ఇనుము ఓర్చుకోదు. అసలు చిక్కంతా ఇక్కడే.

1950లలో పాలియెస్టర్ పుట్టీ వచ్చింది. అంతకుముందు సొట్టలు పూడ్చాలంటే సీసం కరిగించి పోయాల్సి వచ్చేది. పుట్టీకి మంట అక్కర్లేదు. డబ్బా, గట్టిపరిచే ట్యూబు, ఒక రేకు ముక్క చాలు. ఇంటి గ్యారేజీలో ప్యానెల్ సిద్ధం చేసుకోవడం అలా సాధ్యమైంది. కానీ పుట్టీ నీళ్ళు పీల్చుకుంటుంది. తడిపి రుద్దితే ఆ తేమ రేకుదాకా దిగి, కొన్నాళ్ళకి రంగు కింద తుప్పు బుడగలు లేస్తాయి. వికారాబాద్ వానాకాలంలో అయితే గాలిలోనే బోలెడు తేమ. అందుకే పుట్టీని 80 నంబరుతో ఆకారానికి తెచ్చి, 180తో గీతలు తీసేదాకా పొడిగానే రుద్దాలి. దాని మీద ప్రైమర్ వేసి, అది పూర్తిగా ఆరాకే 400, 600 నంబర్లతో నీళ్ళ పని.

అంటే 1921లో నీళ్ళు అణచిన దుమ్ముని పుట్టీ మళ్ళీ లేపింది. సీసం కరిగించే పని పోయింది, దుమ్ము మిగిలింది. మన రోడ్ల పక్క షెడ్లలో దానికి అడ్డం చాలాసార్లు చేతిరుమాలే. ఇంటి గ్యారేజీలో అయితే ఆ దుమ్ము వంటింటి దాకా వస్తుంది. ఎన్95 మాస్కు, తెరిచిన తలుపు, పిల్లలు దూరంగా ఉండటం: కనీసం ఇవి కావాలి. ఆపై వేసే టూకే పెయింట్ సంగతి ఇంకా వేరు. దాని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లుంటాయి, అవి ఆస్తమా తెప్పించగలవు. వాటికి ఎన్95 చాలదు, బయటి గాలిని అందించే మాస్కు ఉండాలి. అందుకని ఇంట్లో పుట్టీ రుద్దడం దాకా చేసుకుని, స్ప్రే పనిని గాలి లాగేసే ఏర్పాటున్న బూత్‌కి వదిలేయడం మంచిది.

పెయింటింగ్‌కి బండి ఇచ్చేటప్పుడు మనం రంగు కోడ్ అడుగుతాం, రేటు అడుగుతాం. పుట్టీ రుద్దే మనిషి ముక్కుకి ఏం కట్టుకుంటాడో కూడా అడగాలి. రేటు కాస్త పెరిగితే పెరగనీ.