రాతి పోతా నుంచి ఫినిఫెన్మా దాకా

విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చయింది. రాసినవాడు పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు. రక్తపింజరకు ఇంగ్లీషు పేరు ఈయన మీదుగా వచ్చిందే. బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారులు, చేపల పేర్లు చెప్పింది ఇక్కడి జాలరులు. రసెల్ ఆ తెలుగు పేర్లనే తన చెవికి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ఒక్కో చేపకు శీర్షికగా పెట్టాడు. నాకు ఇష్టమైనది ‘రాతి పోతా’. వీపు మీద పసుపు, ఒంటి నిండా నల్లని నిలువు చారలు ఉండి, రాళ్ల మధ్యా పగడాల మధ్యా తిరిగే చిన్న చేప అది. దాని చారలను చూసి కాదు, అది కాపురముండే చోటును బట్టి ఆ పేరు పెట్టారు మన వాళ్లు.

శాస్త్రంలో మాత్రం ఆ పేరు చెల్లలేదు. 1758లో లిన్నేయస్ స్థిరపరచిన పద్ధతిలో ప్రతి జంతువుకూ ప్రజాతి, జాతి అని రెండు మాటల పేరు ఉండాలి. రసెల్ అలా పెట్టలేదు. ఆ లోటు తీర్చినవాడు పారిస్‌లోని జంతుశాస్త్రవేత్త కువియే. 1830లో ఆయన రసెల్ బొమ్మ ఆధారంగా ‘గ్లిఫిసోడాన్ రాతి’ అన్నాడు. అలా తెలుగు మాట లాటిన్ పంక్తిలో కూర్చుంది కానీ నిలవలేదు. న్యూగినీ పక్కనున్న వైజియో దీవి పేరుతో అదే చేపను 1825లోనే వర్ణించి ఉన్నారని తేలింది. ముందు అచ్చయిన పేరే నిలుస్తుందన్నది నియమం. నియమం న్యాయమైనదే. అయినా ఆ ‘రాతి’ పోయినందుకు నాకు బాధగానే ఉంటుంది. రసెల్ పుస్తకంలోనే ఉన్న మరో చేప కీలుపోత అదృష్టం బాగుంది. అందులోని ‘పోత’ ‘టెరాపాన్ ప్యూటా’ అనే పేరులో ఇప్పటికీ బతికే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దమంతా చేపల శాస్త్రం చాలావరకు బజారు మీదే నడిచింది. డచ్చి సైనిక వైద్యుడు బ్లీకర్ బటావియా (నేటి జకార్తా) చేపల బజారులో కొన్న చేపలతో వందల జాతులను వర్ణించాడు. కానీ పగడాల సందుల్లో బతికే బొటనవేలంత చేప వలకు చిక్కదు, గాలానికి పడదు. పడినా సారాయి సీసాలో కొన్నాళ్లకే పాలిపోతుంది. యూరప్ మ్యూజియంలో కూర్చున్న పండితుడు దాని ముళ్లు లెక్కపెట్టగలడు, పొలుసులు లెక్కపెట్టగలడు, రంగు చూడలేడు. అసలు చిక్కంతా అక్కడే. ఈ చిన్న చేపల్లో దగ్గరి చుట్టాలైన రెండు జాతులకు లెక్కలన్నీ కలుస్తాయి, తేడా కనిపించేది తరచు రంగులోనే. సీసాలో ఒకే చేపగా కనిపించినవి నీళ్లలో రెండు.

1943లో కూస్టో, గాన్యాన్ తయారుచేసిన శ్వాసయంత్రంతో మనిషి ఆ నీళ్లలోకే దిగాడు. హవాయిలోని బిషప్ మ్యూజియంలో పనిచేసిన జాన్ రాండల్ చేప చనిపోగానే, రంగు చెదరకముందే, రెక్కలు విప్పి ఫోటో తీసేవాడు. 2020లో కన్నుమూసేనాటికి ఆయన వర్ణించిన జాతులు 800 దాటాయి. సందుల్లో నక్కినవాటి కోసం డెర్రిస్ వేళ్ల నుంచి తీసిన రోటెనోన్, తర్వాత మత్తుకు లవంగ నూనె వాడారు. అలా బయటపడిన జాతుల్లో ఒకటి, హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల ‘ట్రిమ్మటామ్ నానస్’. 1981లో దానికి పేరు పెట్టారు. పెరిగిన చేప పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ. విడిచిన గాలినే శుద్ధి చేసి మళ్లీ అందించే పరికరాలతో రిచర్డ్ పైల్ వంటి పరిశోధకులు నూరు మీటర్ల లోతు కూడా దాటారు. అక్కడ పట్టిన ఐదు క్రోమిస్ జాతుల పేర్లు 2008 జనవరి 1న, లిన్నేయస్ పేర్ల పద్ధతికి 250 ఏళ్లు నిండిన రోజున, జూబ్యాంక్ అనే కొత్త పేర్ల పట్టికలో మొదటగా ఎక్కాయి.

అంతటితో చిక్కులు తీరలేదు. చాగోస్‌లో దొరికిన ఒకే ఒక పిల్ల చేపతో 1983లో రాండల్, ఆయన సహపరిశోధకుడు ఎమరీ ఒక జాతికి పేరు పెట్టారు. తర్వాత మాల్దీవుల్లో కనిపించిన గులాబిరంగు పెద్ద చేపలను ఆ పిల్ల పెరిగిన రూపమే అనుకున్నారు. ఏళ్ల తరబడి అలాగే సాగింది. ఆ చేపలు పేరు లేకుండానే ఇళ్ల అక్వేరియాలకు అమ్ముడయ్యాయి కూడా. మగచేపల రంగులు, పొలుసుల లెక్క, వీపు ముళ్ల ఎత్తు, జన్యువులు పోల్చి చూశాక 2022లో మాల్దీవుల చేప వేరే జాతి అని తేలింది. పేరు ‘సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా’. ధివేహి భాషలో ఫినిఫెన్మా అంటే గులాబి. వర్ణించినవారిలో మాల్దీవుల పరిశోధకుడు అహ్మద్ నజీబ్ ఉన్నారు. ఆ దేశపు మనిషి చేతి మీదుగా పేరు పొందిన మొదటి మాల్దీవుల చేప అదే.

చేపల పేర్లను సొంత భాషలో నమోదు చేసే పని మనకు 1803లోనే సగం జరిగి ఉంది. రసెల్ బొమ్మల కింది పేర్లలో ఎన్ని మన జాలరిపేటల్లో ఇంకా పలుకుతున్నాయో, ఏ పేరు ఏ చేపదో, పడవ ఒడ్డుకు చేరే వేళ వెళ్లి అడిగి రాసిపెట్టేవాళ్లు కావాలి. ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే మన విశ్వవిద్యాలయాలు ఈ పనికి పూనుకోవాలి.