లిథియం-అయాన్ బ్యాటరీల ఛార్జింగు, సంరక్షణ

లిథియం-అయాన్ బ్యాటరీ అనగా లిథియం అయాన్లు ఒక ధ్రువం నుండి మరొక ధ్రువానికి ప్రయాణించుట ద్వారా విద్యుత్తును నిల్వ చేసుకొని, అవసరమైనపుడు తిరిగి ఇచ్చే పరికరం. మొబైలు ఫోను, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు, టార్చిలైటు, విద్యుత్ స్కూటరు, ఎలక్ట్రానిక్ సిగరెట్టు మొదలైన వాటిలో సాధారణంగా వాడేది ఈ జాతి బ్యాటరీనే. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని ఇముడ్చుకొనుట దీని ప్రత్యేకత. ఆ శక్తి అదుపు తప్పినపుడు మంటగా మారుట దీనిలోని ప్రమాదం. బ్యాటరీని ఏ ఛార్జరుతో, ఏ వేళలో, ఇంటిలో ఏ చోట ఛార్జి చేస్తున్నారనే మూడు విషయాలపై ప్రాణరక్షణ చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఎండ, తేమ, ఉప్పుగాలి కలిసి ఉండే నెల్లూరు తీరం వంటి ప్రాంతాలలో మరింత జాగ్రత్త అవసరం.

చరిత్ర

ఈ బ్యాటరీని 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ మొదటిసారిగా విపణిలోకి తెచ్చింది. దీని రూపకల్పనకు పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో ఇస్రో తన ఉపగ్రహాల కొరకు, వాహకనౌకల కొరకు ఇటువంటి ఘటాలను అభివృద్ధి చేసి, ఆ పరిజ్ఞానాన్ని దేశీయ పరిశ్రమలకు అందజేయుటకు 2018లో దరఖాస్తులను ఆహ్వానించింది.

పనిచేయు విధానం

ప్రతి ఘటంలోను ఒక ధన ధ్రువం, ఒక ఋణ ధ్రువం, ఆ రెండింటినీ వేరుగా ఉంచే పలుచని ప్లాస్టిక్ పొర, విద్యుద్విశ్లేష్య ద్రవం ఉంటాయి. సాధారణ ఘటం యొక్క వోల్టేజి 3.6 నుండి 3.7 వోల్టులు. పూర్తిగా ఛార్జి అయినపుడు ఇది 4.2 వోల్టులకు చేరుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఇవి వరుసగా 3.2, 3.65 వోల్టులు. కావున ఒక రకానికి ఉద్దేశించిన ఛార్జరును మరొక రకానికి వాడరాదు.

సరైన ఛార్జరు మొదట స్థిరమైన విద్యుత్ ప్రవాహాన్ని పంపి, ఘటం గరిష్ఠ వోల్టేజికి చేరిన తరువాత ఆ వోల్టేజిని నిలిపి, ప్రవాహాన్ని క్రమంగా తగ్గిస్తుంది. బ్యాటరీలో ఉండే రక్షణ వలయం అతి ఛార్జింగును, అతి డిశ్చార్జిని, షార్టు సర్క్యూటును అడ్డుకుంటుంది.

మంటలకు కారణాలు

ఘటం లోపలి ద్రవం మండే స్వభావం గలది. అతిగా ఛార్జి చేయుట, క్రింద పడి నలుగుట, తయారీలో లోపం, అధిక వేడి మొదలైన వాటి వలన రెండు ధ్రువాల మధ్యనున్న పొర దెబ్బతింటే, లోపలనే షార్టు సర్క్యూటు ఏర్పడుతుంది. పాలిథీన్‌తో చేసిన పొర సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పుట్టిన వేడి రసాయన చర్యలను వేగిరపరుస్తుంది, ఆ చర్యలు మరింత వేడిని పుట్టిస్తాయి. ఈ చక్రం మొదలైన తరువాత ప్లగ్గును తీసివేసినంత మాత్రాన ఆగదు. ఒక ఘటం నుండి ప్రక్క ఘటానికి మంట వ్యాపిస్తుంది. వెలువడే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి.

ఎలక్ట్రానిక్ సిగరెట్టు బ్యాటరీలు

నేటి రూపంలోని ఎలక్ట్రానిక్ సిగరెట్టు 2003లో చైనాలో రూపొందింది. దీనిని కనుగొన్నవాడు హోన్ లిక్. పెద్ద పరికరాలలో 18650 అనే విడి ఘటాలను వాడుతారు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండుట వలన వీటికి ఆ పేరు వచ్చింది. పాత ల్యాప్‌టాపులలోను, కొన్ని టార్చిలైట్లలోను ఇవే ఘటాలు ఉంటాయి.

2009 నుండి 2016 వరకు అమెరికా పత్రికలలో వచ్చిన 195 ఎలక్ట్రానిక్ సిగరెట్టు ప్రమాదాలను ఆ దేశపు అగ్నిమాపక పరిపాలన సంస్థ 2017లో విశ్లేషించింది. వాటిలో 61 జేబులో ఉన్నపుడు, 60 వాడుతున్నపుడు, 48 ఛార్జింగులో ఉన్నపుడు జరిగాయి. విడి ఘటాన్ని తాళపుచెవులతోను, చిల్లర నాణేలతోను కలిపి జేబులో వేసుకొంటే రెండు ధ్రువాలు లోహం ద్వారా కలిసి క్షణాలలో వేడెక్కుతాయి. పై తొడుగు చిరిగిన ఘటం మరింత ప్రమాదకరం.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలను 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా నిషేధించారు. మొదటిసారి నేరానికి ఒక సంవత్సరం వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. కావున ఈ దేశంలో బ్యాటరీ ప్రమాదాలు ప్రజల దృష్టికి ఎక్కువగా వచ్చింది విద్యుత్ స్కూటర్ల ద్వారానే.

తెలుగు రాష్ట్రాలలో ప్రమాదాలు

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంటిలో ఛార్జింగులో ఉంచిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెల 23న విజయవాడలో పడకగదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించాడు, కుటుంబ సభ్యులు గాయపడ్డారు. ఆ స్కూటరు కొన్నది అంతకు ముందురోజే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు చెలరేగి, ఆ పొగ పై అంతస్తులలోని హోటలును కమ్ముకొనుటతో 8 మంది మరణించారు.

మొదటి రెండు ప్రమాదాలలోను బ్యాటరీని ఇంటి లోపల, అందరూ నిద్రించు వేళ ఛార్జింగులో ఉంచారు. కొత్త బ్యాటరీ గనుక ప్రమాదం ఉండదనే నమ్మకం సరికాదని విజయవాడ ఘటన తెలుపుతుంది. ఈ పరిణామాల తరువాత విద్యుత్ వాహనాల బ్యాటరీలకు సంబంధించిన ఏ.ఐ.ఎస్. 156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు నుండి రెండు దశలలో అమలులోకి తెచ్చారు.

నెల్లూరు తీరంలో ప్రత్యేక పరిస్థితులు

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట కలదు. సాధారణంగా ఈ జాతి ఘటాలను 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. ఎండలో నిలిపిన వాహనంలోను, పడవలోను, రేకుల కప్పు క్రింద గదిలోను ఈ హద్దు సులభంగా దాటుతుంది.

సముద్రపు గాలిలోని ఉప్పు లోహపు కొనలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చోట విద్యుత్ నిరోధం పెరిగి, ఛార్జింగు సమయంలో వేడి పుడుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటె మంచి విద్యుద్వాహకం. బ్యాటరీ లోపలికి చేరిన ఉప్పునీరు ఆరిన తరువాత కూడ ఉప్పు పొర మిగిలి, రోజుల తరువాత షార్టు సర్క్యూటుకు కారణం కావచ్చు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయాన్ తుపాను తాకినపుడు సముద్రపు నీటిలో మునిగిన కొన్ని విద్యుత్ కార్లు నీరు తీసిన తరువాత తగులబడ్డాయి.

ఈశాన్య ఋతుపవన కాలంలో నెల్లూరు తీరానికి తుపానుల బెడద ఉన్నది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను నెల్లూరు జిల్లాపై కూడ ప్రభావం చూపింది. విద్యుత్తు నిలిచిపోయిన వేళ పవర్ బ్యాంకు, టార్చిలైటు, వేటకు వెళ్ళిన మత్స్యకారుల మొబైలు ఫోను ప్రాణాధారాలు. కావున ఇచ్చట బ్యాటరీ సంరక్షణ అగ్నిభద్రతతో పాటు ఆపత్కాల సన్నద్ధతకు కూడ సంబంధించిన విషయం.

తీసుకొనవలసిన జాగ్రత్తలు

* తయారీదారు సూచించిన ఛార్జరును మాత్రమే వాడవలెను. పరికరంపై భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్నదో లేదో చూడవలెను.
* నిద్రించు వేళలోను, ఇంటిలో ఎవరూ లేనపుడు ఛార్జింగు పెట్టరాదు. ఛార్జింగు పూర్తికాగానే ప్లగ్గు తీయవలెను.
* స్కూటరు బ్యాటరీని పడకగదిలోను, గుమ్మం వద్ద, మెట్ల క్రింద ఛార్జి చేయరాదు. గుమ్మం వద్ద మంట పుడితే బయటకు వెళ్ళే దారి మూసుకొనిపోతుంది.
* ఫోనును, పవర్ బ్యాంకును దిండు క్రింద, పరుపుపై ఉంచి ఛార్జి చేయరాదు. గట్టి నేల మీద, గాలి తగిలే చోట ఉంచవలెను.
* ఎండ నుండి తెచ్చిన, అప్పుడే వాడి వేడెక్కిన బ్యాటరీని చల్లారిన తరువాతనే ఛార్జి చేయవలెను.
* విడి ఘటాలను ప్లాస్టిక్ పెట్టెలో ఉంచవలెను. పాత, కొత్త ఘటాలను కలిపి వాడరాదు.
* చాలాకాలం వాడని బ్యాటరీని సగం ఛార్జితో, చల్లని పొడి ప్రదేశంలో ఉంచవలెను.
* పడవలో పరికరాలను నీరు చొరని సంచిలో ఉంచవలెను. సముద్రపు నీటిలో తడిసిన బ్యాటరీని ఛార్జి చేయక, ఇంటికి దూరంగా ఉంచి, నిపుణునికి చూపవలెను.

ప్రమాద సూచనలు, తక్షణ చర్యలు

బ్యాటరీ ఉబ్బుట, ఘాటైన వాసన, చిటపట శబ్దం, అసాధారణమైన వేడి ప్రమాద సూచనలు. ఉబ్బిన బ్యాటరీని నొక్కుట, గుచ్చుట చేయరాదు. మంట మొదలైతే మొదట మనుషులను బయటకు పంపి, తలుపు మూసి, 101 లేదా 112కు ఫోను చేయవలెను. వీలైతే మెయిను స్విచ్ ఆపవలెను. ఫోను వంటి చిన్న పరికరమైతే, విద్యుత్తు ఆపిన తరువాత దూరం నుండి ఎక్కువ నీరు పోసి చల్లబరచవచ్చు. ఇసుక మంటను కప్పగలదు గాని ఘటాన్ని చల్లబరచలేదు. స్కూటరు బ్యాటరీ మంటను ఆర్పుటకు గృహస్థులు ప్రయత్నించరాదు. ఆరిన బ్యాటరీ కూడ తిరిగి అంటుకొనవచ్చు.

కాలిన గాయాన్ని పారే మంచినీటి క్రింద 20 నిమిషాలు ఉంచి వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. సిరా, టూత్‌పేస్టు వంటివి పూయరాదు.

పాత బ్యాటరీల విసర్జన

పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో వేయుట, కాల్చుట, సముద్రంలోను, కాలువలలోను పారవేయుట ప్రమాదకరం. చెత్త బండిలో నలిగిన బ్యాటరీ మంటలకు కారణం కాగలదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉన్నది. అప్పగించుటకు ముందు రెండు ధ్రువాలపై ఇన్సులేషను టేపు అంటించవలెను.

ఇవి కూడా చూడండి

* లిథియం
* విద్యుత్ ఘటం
* విద్యుత్ వాహనం
* ఎలక్ట్రానిక్ సిగరెట్టు
* శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా